పట్టీ కింద మొహం

ఉప్పెనలో పోయినవాళ్ళకి ఆ పల్లెలో ఫొటోలు లేవు. ఎవరింట్లోనైనా ఒకటీ అరా ఉన్నా గోడలతో పాటే అవీ వెళ్ళిపోయాయి. అందుకని ఏటా ఆ రోజు వచ్చినప్పుడు పోయినవాళ్ళ కోసం అన్నం, చేపల పులుసు వండి, గుమ్మంలో సముద్రంవైపు పీట వేసి, దాని మీద కొత్త బట్ట మడతపెట్టి, ఆ బట్టకే బొట్టు పెట్టడం అలవాటైపోయింది. మగవాళ్ళకి తువ్వాలు, ఆడవాళ్ళకి రవికల గుడ్డ, పిల్లలకి గౌను. కంచం పెట్టాక పోయిన మనిషిని పేరు పెట్టి గట్టిగా పిలవాలి. పిలవకపోతే ఆ తిండి వాళ్ళకి అందదని పెద్దవాళ్ళు అంటారు. ఎవరు మొదలెట్టారో తెలియదు గానీ, హంసలదీవి దారిలో ఉన్న ఆ పల్లెలో కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం ప్రతి గుమ్మంలోంచీ పేర్లు వినపడతాయి.

పెద్దింట్లమ్మ తన కూతురు నాంచారుని పిలిచేది. పక్కింటి నాగమల్లేశ్వరి తన కూతురు కోటేశ్వరిని పిలిచేది. ఇద్దరు పిల్లలూ ఒక ఈడువాళ్ళు. ఉప్పెన వచ్చిన రోజు పొద్దున్నే కలిసి మడ అడవిలోకి పుల్లలకి వెళ్ళారు. గాలి పెరుగుతోందని వెనక్కి పిలవడానికి మనిషిని పంపేలోపే నీళ్ళు వచ్చేశాయి. ఇద్దరిలో ఒక్కరూ దొరకలేదు. దొరికిన శవాలన్నీ తిరగేసి తిరగేసి చూసుకున్నారు ఇద్దరు తల్లులూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. ఆ చెయ్యి పట్టుకోవడం అప్పట్నుంచీ వదల్లేదు.

అయితే పెద్దింట్లమ్మకి మొగుడు మిగిలాడు, కొడుకు బంగార్రాజు మిగిలాడు. తాడిచెట్టు మీద రాత్రంతా వేలాడి మిగిలారు. మొగుడు ఆ తర్వాత చాలా ఏళ్ళకి గుండె ఆగి మంచం మీద పోయాడు. నాగమల్లేశ్వరికి ఎవరూ మిగల్లేదు. ఎండు చేపల బుట్ట ఒక్కటే మిగిలింది.

"మొహం పోతోందే పెద్దింట్లూ," అంది ఒక రోజు నాగమల్లేశ్వరి, ఎండుతున్న నెత్తళ్ళు తిరగేస్తూ.

"ఎవరి మొహం వదినా?"

"కోటిది. జడ గుర్తుంది. గొంతు గుర్తుంది. నడుస్తుంటే కాలి మువ్వలు ఎలా మోగేవో అదీ గుర్తుంది. మొహం దగ్గరికొచ్చేసరికి నీళ్ళలో చూసినట్టు కదిలిపోతోంది. నీకు నాంచారు గుర్తొస్తదా?"

"నేను గుర్తు చేసుకోను," అంది పెద్దింట్లమ్మ. "గుర్తు చేసుకుంటే కూడు సయిస్తదా? నువ్వు ఊరికే కెలుక్కుంటావ్ కాబట్టి కదిలిపోతోంది. కెలక్కు."

కానీ నిజం అది కాదు. పెద్దింట్లమ్మకి కూతురి మొహం గీత గీతగా గుర్తుంది. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న చీలిక. బంగార్రాజు గవ్వ విసిరితే తగిలింది. ఆ సంగతి వదిన ముందు అనడానికి నోరు రాలేదు. అన్నం తినేవాడు పస్తున్నవాడి ముందు త్రేన్చినట్టు ఉంటుందని.

ఆ ఏడే నాగమల్లేశ్వరికి కళ్ళు తేడా చేశాయి. పక్కనుంచి ఎవరు వస్తున్నారో తెలిసేది కాదు. గడప తట్టుకుని రెండుసార్లు పడింది. పెద్దింట్లమ్మే బందరు తీసుకెళ్ళి కంటి డాక్టరుకి చూపించింది. ఆయన దీపం వేసి చూసి, నీటికాసులు అన్నాడు.

"పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకోవాలి. ఈ చుక్కలు మానొద్దు. ఆలస్యంగా వచ్చారు."

తిరుగు బస్సులో నాగమల్లేశ్వరి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కిటికీ అవతల ఏం కనపడుతోందో ఏమో. చాలాసేపటికి, "పూర్తిగా పోయేలోపు దాని మొహం ఒక్కసారి చూస్తే చాలే," అంది. "పీట మీద గౌనుకి బొట్టు పెట్టి పెట్టి, అది గౌనే అనిపిస్తోంది ఈ మధ్య."

"ఎక్కడ చూస్తావే తల్లీ," అని పెద్దింట్లమ్మ విసుక్కుంది. విసుక్కోకపోతే ఏడుపొస్తుంది.

*

ఆ మాట అన్న నెల తిరక్కుండానే గోవర్ధనరావు వచ్చాడు.

గుడివాడ మనిషి. ఇరవై ఎకరాల ఆసామి, పొలం కౌలుకిచ్చి పాత సినిమాల పోస్టర్లు పోగేస్తుంటాడు. మూతపడిన హాళ్ళ చుట్టూ, అటకల చుట్టూ తిరిగి, ఎలుకలు కొట్టగా మిగిలిన పోస్టర్లు, పాటల పుస్తకాలు, హాలు ముందు అద్దాల పెట్టెలో పెట్టే ఫొటోలు తెచ్చుకుంటాడు. మోపిదేవి మొక్కు తీర్చుకుని, భార్య రాజకుమారితో కారులో హంసలదీవి వెళ్తూ, టీ బడ్డీ దగ్గర ఆగి, "ఇక్కడ ఇరవయ్యేడెనిమిదేళ్ళ కింద ఒక సినిమా షూటింగు జరిగిందంట, చూసినవాళ్ళెవరైనా ఉన్నారాండీ?" అని అడిగాడు.

చూసినవాళ్ళు ఎందుకు లేరు? ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి తీశారు. ‘తెరచాప పెళ్ళి’ దాని పేరు. వెండి కాగితం అంటించిన అట్టలు పట్టుకుని మొహాల మీదికి ఎండ కొట్టించారు. తలా ఒక పులిహోర పొట్లం ఇచ్చారు. నాగాయలంక టూరింగు టాకీసులో ఆ సినిమా వారం ఆడింది. ఊరంతా పడవలేసుకుని వెళ్ళి చూశారు. తెర మీద తమ ఊరు కన్ను మూసి తెరిచేలోపు వెళ్ళిపోయింది. ఎవరికి ఎవరూ కనపడలేదు.

"ఇప్పుడు ఆ సినిమా ఎక్కడా లేదమ్మా," అన్నాడు గోవర్ధనరావు. "రీళ్ళు కరిగించి వెండి తీసుకున్నారంట. మిగిలింది నా దగ్గరున్న పోస్టరు ఒక్కటే. ఇదిగో దాని ఫొటో."

ఆ ఫొటో చేతులు మారి నాగమల్లేశ్వరి దగ్గరికి వచ్చింది. ఆమె దాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది. పైన నాయికానాయకుల రంగుల మొహాలు. కింద వల లాగుతున్న మగవాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళ వరస. అన్నిటికన్నా కింద, పోస్టరు ఈ చివర్నుంచి ఆ చివరికి, హాలు పేరు అచ్చేసిన కాగితం పట్టీ ఒకటి అంటించి ఉంది.

"ఇది నేనే," అంది. "ఒసే పెద్దింట్లూ, ఇది నేనేనే. చూడు, ఆ పొడుగు. ఆ ముంజేతి మీద పచ్చబొట్టు."

పెద్దింట్లమ్మ చూసింది. నిజమే. నిటారుగా నిలబడి ఉంది నాగమల్లేశ్వరి, పాతికేళ్ళ వయసులో. కుడి చెయ్యి కిందికి చాపి ఉంది. ఆ చేతి చివర ఏముందో పట్టీ కింద పడిపోయింది. పట్టీ అంచుకి పైన ఒక రిబ్బను ముడి మాత్రం కనపడుతోంది.

"నా చెయ్యి పట్టుకుని కోటి నిలబడింది," అంది నాగమల్లేశ్వరి. "నా పిల్ల ఆ కాగితం కింద ఉంది."

*

గుడివాడకి బయలుదేరే రోజున నాగమల్లేశ్వరి తలంటుకుంది. పెట్టెలోంచి ఇస్త్రీ చీర తీసింది. "పెళ్ళిచూపులకా వదినా?" అని పెద్దింట్లమ్మ ఏడిపించింది. దారిలో బస్సు మొవ్వ దాటాక టైరు పోయి ఆగింది. ఎండలో చేలగట్టు మీద కూర్చున్నంతసేపూ నాగమల్లేశ్వరి ఒకటే గొణుగుడు. "ఆయన ఇంట్లో ఉంటాడంటావా? ఊరెళ్ళిపోతే? ఆ కాగితానికి చెద పడితే?"

"నువ్వు వెళ్ళేలోపు చెద తినెయ్యదులే. పాతికేళ్ళు ఆగింది, ఒక పూట ఆగదా?"

గోవర్ధనరావు ఇంట్లోనే ఉన్నాడు. మేడ మీద గదిలోకి తీసుకెళ్ళాడు. గదంతా కలరా ఉండల వాసన. ప్లాస్టిక్ గొట్టాల్లో చుట్టలు చుట్టి పెట్టిన పోస్టర్లు, ఒక్కో గొట్టం మీద ఒక్కో చీటీ. ఆయన ఒక గొట్టం దించి, మూత తీసి, పసిపిల్లని నీళ్ళలోంచి ఎత్తినట్టు రెండు చేతులతో పోస్టరుని బయటికి తీసి బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా తూకపు రాళ్ళు పెట్టాడు. పోస్టరు బల్ల కన్నా పెద్దది. ఆడవాళ్ళ మొహాలు అరచేయంత ఉన్నాయి.

నాగమల్లేశ్వరి చెయ్యి చాపబోయింది.

"ముట్టుకోకమ్మా," అన్నాడు. కోపంగా కాదు, భయంగా.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు, ఆ పట్టీ ఊడదీయడం కుదరదని. ఆ రోజుల్లో హాలువాళ్ళు పోస్టర్లకి ముందే పట్టీలు అంటించి, ఆరబెట్టి, చుట్టచుట్టి ఊళ్ళకి పంపేవారు. ఇది పంపగా మిగిలిపోయింది, అందుకే గోడెక్కకుండా బతికింది. "ఆ జిగురుతో పాటు కింద బొమ్మ లేచి వచ్చేస్తే? అసలు ఆ కాలం పోస్టర్లకి కింద తెల్లగా వదిలేసేవాళ్ళు కూడా, హాలు పేరు కోసమని. ఊడదీశాక తెల్లకాగితం కనపడిందనుకో, నేనేం చెయ్యను, నువ్వేం చేస్తావు?"

"నా చెయ్యి గాల్లో లేదుగదండీ బాబుగారూ. చేతి చివర ఎవరో ఉంటారుగా," అంది నాగమల్లేశ్వరి.

ఆయన పట్టీ మీది హాలు పేరు చూపించాడు. "మా అమ్మమ్మగారిది నాగాయలంక," అన్నాడు. "సెలవులకెళ్తే రోజూ ఆ టాకీసులోనే. గేటు దగ్గర ఉండే ఆయన నన్ను నేల టిక్కెట్టు మీద బెంచీలో కూర్చోనిచ్చేవాడు. ఉప్పెనలో డేరా పోయింది, మిషనూ పోయింది, ఆయనా పోయాడు. ఆ హాలు పేరున్న కాగితం లోకంలో ఇదొక్కటే. నేను వెతికాను. ఇంకోటి లేదు."

అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ రాజకుమారి లోపలికి వచ్చింది. "ఆ పట్టీ ముక్కలు కాకుండా వచ్చేలా తియ్యండి. దాన్ని వేరే దాచుకోండి," అంది.

"నీకు తెలియదు రాజా..."

"నాకేం తెలీదు? చోటు లేక అరుగు మీద పడుకోబెట్టిన చుట్టాన్నైనా ఎప్పుడైనా ఈ గదిలోకి రానిచ్చారా? వీళ్ళని రానిచ్చారు. పోస్టరు బయటికి తీశారు. తియ్యకూడదనుకుంటే కిందే చెప్పి పంపేవారు. నేను ఇడ్లీ పాత్ర పెడతా, ఆవిరి పట్టండి. స్టాంపులు ఊడదియ్యడం వచ్చని పెళ్ళయిన కొత్తలో గొప్పలు పోయేవారుగా."

గోవర్ధనరావు పోస్టరు మూలల్లోంచి తూకపు రాళ్ళు ఒక్కొక్కటే తీశాడు.

ఆవిరి పట్టడానికి చాలాసేపు పట్టింది. పోస్టరుని వంటింటి గట్టు మీదికి తెచ్చారు. ఆయన పల్చటి వెదురు పుల్లతో పట్టీ అంచు కింద నెమ్మదిగా తోస్తూ, ఊదుతూ, మళ్ళీ ఆవిరికి చూపిస్తూ ఉన్నాడు. చెమట పోస్టరు మీద పడకుండా రాజకుమారి ఆయన నుదురు తుడుస్తోంది. నాగమల్లేశ్వరి పక్కనే నిలబడి పెద్దింట్లమ్మ చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడుతున్నాయి. పట్టీ ఒక చివర లేచింది. కింద తెల్లకాగితం లేదు. ఇసక ఉంది. ఇసకలో పాదాలున్నాయి. గౌను అంచు, గౌను, జేబు. తర్వాత గడ్డం. తర్వాత మొహం అంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. కాస్త తడిగా, కాస్త పసుప్పచ్చగా, ఎక్కడా చెక్కుచెదరకుండా. ఎండకి కళ్ళు చిట్లించి నవ్వుతోంది.

ఎడమ కనుబొమ్మ మధ్యలో చీలిక ఉంది.

పెద్దింట్లమ్మ గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. ఎవరూ వినలేదు. ఎందుకంటే అదే క్షణంలో నాగమల్లేశ్వరి గట్టు మీదికి వంగి, మొహంలో మొహం పెట్టి, "కోటీ!" అని అరిచింది. "నా తల్లీ! కోటీ!"

అప్పుడు గుర్తొచ్చింది పెద్దింట్లమ్మకి. షూటింగు రోజు టోపీ పెట్టుకున్న బక్కమనిషి ఒకడు వరసలో అటూ ఇటూ పరిగెత్తాడు. పొడుగ్గా ఉన్న నాగమల్లేశ్వరి చెయ్యి పట్టుకుంటే పొట్టిపిల్ల కోటేశ్వరి గాల్లో వేలాడుతున్నట్టుందని విసుక్కున్నాడు. "ఈ పిల్లని అటు పంపు, ఆ పిల్లని ఇటు తే," అని కోటేశ్వరిని పెద్దింట్లమ్మ పక్కకీ, నాంచారుని నాగమల్లేశ్వరి పక్కకీ మార్చేశాడు. పిల్లలు అదో ఆటనుకుని పకపకా నవ్వారు.

పెద్దింట్లమ్మ పోస్టరు అంచువైపు చూసింది. అంచు దగ్గర ఒక భుజం ఉంది. అది తనది. ఆ భుజం కింద చెయ్యి ఉండాలి, ఆ చేతి చివర కోటేశ్వరి ఉండాలి. కానీ కాగితం అక్కడితో అయిపోయింది.

"పోలికలు తెలుస్తున్నాయమ్మా, నీ నోరే," అంటోంది రాజకుమారి, కళ్ళొత్తుకుంటూ, నాగమల్లేశ్వరితో. గోవర్ధనరావు చేతిలో ఊడిన పట్టీ తడిగా వేలాడుతోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. పెద్దింట్లమ్మ నోరు తెరిచింది. నాగమల్లేశ్వరి తల తిప్పి ఆమెవైపు చూసింది. సగం చూపు పోయిన ఆ కళ్ళు ఏ మూల ఆనాయో గానీ, అంత వెలుగు ఆ కళ్ళల్లో పాతికేళ్ళలో లేదు.

"చూశావా? ఉందని చెప్పలా?"

"చూశా వదినా," అంది పెద్దింట్లమ్మ.

*

గోవర్ధనరావు ఆ మొహం వరకూ స్టూడియోలో పెద్దది చేయించి, అద్దం కట్టించి, మనిషి చేత పంపించాడు. నాగమల్లేశ్వరి దాన్ని పడమటి గోడకి తగిలించుకుంది. రోజూ కళ్ళలో చుక్కలు వేసుకున్నాక, మంట తగ్గేదాకా కళ్ళు మూసుకుని, తెరవగానే మొదట దాన్ని చూసేది.

పెద్దింట్లమ్మ రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళేది. కారం కోసం, నిప్పెట్టె కోసం. గోడవైపు చూడకుండా చూసేది. పాతికేళ్ళు తలుచుకోకుండా లోపల దాచుకున్న మొహం ఇప్పుడు పక్కింటి గోడ మీద అందరికీ కనపడుతోంది. వాడకట్టులో వాళ్ళంతా వచ్చి, "కోటేశ్వరి ఎంత ముద్దుగా ఉందో," అని వెళ్తున్నారు. అప్పటి పిల్లల మొహాలు ఎవరికి గుర్తున్నాయి? గుర్తుండగలిగినవాళ్ళు సగం మంది ఆ పిల్లలతోనే వెళ్ళిపోయారు. బంగార్రాజు అప్పటికి అయిదేళ్ళవాడు. వాడు కూడా వచ్చి చూసి, "బావుంది అత్తా," అని వెళ్ళిపోయాడు. గవ్వ విసిరింది వాడే.

ఓర్చుకోగలననుకుంది. ఫొటో ఎక్కడుంటేనేం అనుకుంది. ఓర్చుకోలేకపోయింది పిలుపుని. గోడ అవతలనుంచి పొద్దున్నే, "కోటీ, లేచావా అమ్మా," అని వినపడేది. మధ్యాహ్నం, "కోటీ, ఎండ చూశావా?" సాయంత్రం, "కోటీ, దీపం పెట్టా." ఆ పిల్ల ఎండకి కళ్ళు చిట్లించి నవ్వుతూనే ఉండేది, తనది కాని పేరుకి. రాత్రి పడుకుంటే పెద్దింట్లమ్మకి లోపలి నాంచారు మొహం కూడా జారుతున్నట్టు అనిపించేది. కనుబొమ్మ చీలికతో సహా ఆ మొహం ‘కోటీ’ అంటే పలుకుతోంది.

ఉప్పెన రోజు వచ్చింది. పొద్దున్నే పీట కడిగి, కొత్త గౌను మడత విప్పబోతుంటే చేతులు ఆగిపోయాయి. ఇవాళ మధ్యాహ్నం వదిన ఆ ఫొటోని పీట మీద పెట్టి, ఊరందరి ముందూ సముద్రంవైపు తిరిగి, కోటేశ్వరీ అని పిలుస్తుంది. గౌను కిందపడేసి గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది.

నాగమల్లేశ్వరి గుమ్మంలో కూర్చుని చేపలు కడుగుతోంది. ఫొటో అప్పటికే గోడ మీంచి దించి, పీట మీద పెట్టి ఉంది.

"వదినా, ఒక మాట చెప్తా. కోప్పడకు."

"చెప్పు."

"ఆ పిల్ల కోటి కాదు." "ఆ రోజు టోపీవాడు పిల్లల్ని మార్చాడు. నువ్వు మర్చిపోయావు. కోటి నా పక్కన ఉంది. అది నాంచారు వదినా. నా కూతురు."

నాగమల్లేశ్వరి చేతిలో చేపని వదల్లేదు. కడగడం ఆపలేదు. నీళ్ళు గిన్నెలో ఎర్రగా తిరుగుతున్నాయి.

"తెలుసు," అంది.

పెద్దింట్లమ్మకి మొదట అర్థం కాలేదు.

"గుడివాడలో అరిచినప్పుడు తెలీదు. నిజంగానే కోటి అనుకున్నా. ఇంటికి తెచ్చుకున్నాక, దగ్గరగా పెట్టుకు చూశాక తెలిసింది. ఆ నెలల్లో కోటికి ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. పులిహోర నమల్లేక ఏడ్చింది. ఈ పిల్ల నోటినిండా పళ్ళే."

"తెలిసి..." పెద్దింట్లమ్మ గడప మీద కూలబడింది. "తెలిసి రోజూ దాన్ని కోటీ అని పిలుస్తున్నావా? గోడ పక్కన నేనున్నానని తెలిసి?"

"పిలుస్తున్నా."

"అది నా బిడ్డే వదినా!"

"నీ బిడ్డే." నాగమల్లేశ్వరి చేపని గిన్నెలో వేసి, చేతులు చీరకి తుడుచుకుంది. "నీకేం తక్కువే? బంగార్రాజు మొహం చూస్తే నాంచారు కనపడదా నీకు? అద్దంలో నీ మొహం చూసుకుంటే కనపడదా? రోజూ గుర్తు చేసుకోను, చేసుకోను అంటూనే గీత గీతా దాచుకున్నావ్. నాకు తెలీదనుకున్నావా? నాకేముంది? ఒక మొహం. ఎవరిదైనా సరే, ఒక్క మొహం. దానికి కోటి అని పేరు పెట్టి పిలిస్తే, పిలవగా పిలవగా, నిన్న మధ్యాహ్నం ఒక్క క్షణం నిజంగా కోటి కనపడింది. పళ్ళు లేకుండా. అంతకన్నా నాకేం వద్దు."

"ఆయన్నడిగి నేనూ ఒకటి తెచ్చుకుంటా," అంది పెద్దింట్లమ్మ. చిన్నపిల్లలా అంది. "నీది నువ్వే ఉంచుకో. నా గుమ్మంలో నేనూ పెట్టుకుంటా."

"పెట్టుకో. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు. రెండు గుమ్మాల్లో ఒకటే మొహం. ఊరు ఊరుకుంటుందా? ఎవరిది అని అడుగుతారు. నువ్వు కనుబొమ్మ చూపిస్తావ్, బంగార్రాజుని పక్కన నిలబెడతావ్. నేనేం చూపిస్తా? నా పీట మీంచి తీసేస్తారు. ముసలిదానికి కళ్ళతో పాటు బుద్ధీ పోయిందంటారు." ఆమె ఫొటోవైపు తిరిగింది గానీ, అప్పటికే ఫొటో ఉన్న చోటుకి కాస్త పక్కకి చూస్తోంది. "మొన్న డాక్టరు ఈ చలికాలం దాటితే చూపుండదన్నాడే. ఆ తర్వాత నాకు ఫొటో ఉన్నా లేనట్టే. అప్పుడు తీసుకుపో. నేను చూడగలిగినన్నాళ్ళు మాత్రం ఇవ్వను. అడిగినా ఇవ్వను. నువ్వు అడిగినా."

పెద్దింట్లమ్మ లేచింది. ఫొటో చేతికందేంత దగ్గర్లో ఉంది. తీసుకోవచ్చు. ఆ గుడ్డికళ్ళు ఆపలేవు. కాసేపు అలాగే నిలబడింది. నాగమల్లేశ్వరి కూడా కదల్లేదు, ఆపడానికి చెయ్యి చాపలేదు. ఉప్పెన తర్వాత ఇద్దరూ ఇంత దగ్గరగా ఉండి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోకపోవడం అదే మొదటిసారి.

పెద్దింట్లమ్మ వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది.

మధ్యాహ్నం పీట వేసింది. గౌను మడతపెట్టి బొట్టు పెట్టింది. కంచంలో అన్నం, పులుసు పెట్టి సముద్రంవైపు తిరిగి కూర్చుంది. అన్ని గుమ్మాల్లోంచీ పేర్లు లేచాయి. వీరాస్వామీ అని, సీతమ్మా అని, చంటీ అని. పక్క గుమ్మంలోంచి నాగమల్లేశ్వరి గొంతు అన్నిటికన్నా గట్టిగా వచ్చింది.

"కోటేశ్వరీ! కోటీ! రామ్మా, అన్నం తిందువుగాని!"

పెద్దింట్లమ్మ నోరు తెరిచింది. నాంచారు అనే పేరు నాలిక మీదికి వచ్చింది. కళ్ళు మూసుకుంటే మొహం ఎదురుగా ఉంది, ఎండకి చిట్లించిన కళ్ళతో. కానీ అది ఇటు చూడటం లేదు. పక్క గుమ్మంవైపు చూస్తోంది.

కోడలు లోపలనుంచి నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టింది. కాకి ఒకటి వచ్చి కంచం అంచు మీద వాలింది.

"పిలవలేదేంటి అత్తా?" అంది కోడలు. "పిలవకపోతే అందదంటగా."

పెద్దింట్లమ్మ కాకిని తోలలేదు.

"పక్కింట్లో పిలుస్తున్నార్లే," అంది.